చదువుడే, దిద్దుడు లేదు

బచేలి, మార్చి 2

వెంకత్తకు మేనకోడలు శిరీష దండాలు.

పామేడుల ఫోను అందదు, అందుకే ఉత్తరం. మా ఆఫీసోల్లు అడివి సరుకు కొనే తొమ్మిది ఊర్ల తూకం కాంటాల కాడ కంప్యూటర్లు పెడుతుండ్రు. మనం ఇప్పపువ్వు అనేదాన్ని బజార్ల మహువా అంటరు, ఇంకో ఊర్ల ఇంకోటంటరు. అడివి సరుకుల పేర్లు నాలుగు భాషల్ల నీకే ఎరుక. రాసి పంపు. ఆ పట్టీని మా డ్రైవరు అన్ని కాంటాలకూ తలా ఒకటి పంపుతది. వాళ్లు చదువుకోవాలె గానీ అక్షరం దిద్దొద్దు.

ఇట్లు,
శిరీష

తా.క. ఆఫీసుల ప్రవీణ్‌కుమార్, నేను పెండ్లి చేసుకుందామనుకుంటున్నం. నాన్నను నువ్వే ఒప్పియ్యాలె. ఇక్కడ డ్రైవరు పనంతా ప్రవీణ్‌దే.

పామేడు, మార్చి 10

శిరీషకు వెంకత్త దీవెనలు.

పట్టీ రాస్తున్న. మా పక్కింటి భీమే దగ్గర కూసొని వాళ్ల దోర్లీ బాసల పేర్లు చెప్తుంది. పిలగాడు డ్రైవరని మీ నాయినకు చెప్పిన. పొద్దున సరే అన్నడు, అంబలి తాగినంక వద్దన్నడు, మాపటికి మల్ల సరే అన్నడు. మా తమ్ముడు రామనర్సయ్య మాట నీళ్ల మూటని నీకెరుకే గద.

మీ అత్త,
వెంకమ్మ

తా.క. డ్రైవరు ‘పంపుతది’ అని రాసినవ్. కట్టుకునేటోన్ని ‘అది’ అంటరా బిడ్డా?

బచేలి, మార్చి 17

అత్తా, కొంప ముంచినవ్.

డ్రైవరంటే మనిషి కాదు. మిగతా కంప్యూటర్లకు పని చెప్పే పెద్ద కంప్యూటరు. ప్రవీణ్ దాన్ని చూసుకునే ఇంజనీరు. తోలుడంటే అతనికి సైకిలే. నాన్నకు వెంటనే చెప్పు, లేకుంటే నా పెండ్లి ఆగుతది. నాకు మస్తు భయమైతుంది.

పట్టీ జల్ది పంపు. ఒక్కసారి పోయినంక సీజను అయ్యేదాక ఎవ్వరూ దిద్దలేరు, మా పెద్దసారు కూడా.

నీ శిరీష

పామేడు, మార్చి 25

బిడ్డా,

పట్టీ ఇదుగో. మీ నాయిన నిన్న సరే, ఇయ్యాల వద్దు. ఎవ్వరూ దిద్దలేరన్నది నిజమేనా?

వెంకమ్మ

తా.క. ఆ తొమ్మిది ఊర్లల్ల మన పామేడు కాంటా ఉన్నది గద?

బచేలి, ఏప్రిల్ 6

అత్తా, ఏం పని చేసినవ్?

ఏ ఊరి కాంటాల ఇప్పపువ్వు అని కొట్టినా, కింద ‘శిరీష పెండ్లి ప్రవీణ్‌కుమార్‌తోటి, తండ్రి రామనర్సయ్య సరే అన్నడు’ అని వస్తుందంట! జగర్గుండా కాంటా నుంచి ఫోను చేసి మరీ అడుగుతుండ్రు. పట్టీ నేను చదవకుండనే ఇచ్చిన, టైపు చేసింది ప్రవీణే. అడిగితే, పెద్దోల్లు రాసింది దిద్దొద్దంటివి గద అని నవ్వుతుండు. నాకు సిగ్గుతో తల తీసేసినట్టుంది. నాన్న చూస్తే ఎట్ల?

శిరీష

తా.క. ప్రవీణ్ డ్రైవరు కాదని చెప్పినవా లేదా?

పామేడు, ఏప్రిల్ 15

కాబోయే పెండ్లికూతురికి దీవెనలు.

మీ నాయిన చూసిండు. ఇప్పపువ్వు బుట్ట దించంగనే మన కాంటా తూచే హుంగా పైకే చదివిండు. బజారంతా శుభమన్నరు. మీ నాయిన ఆ పూట ‘వద్దు’ మీదున్నడు, కొట్టెయ్యమని లొల్లి పెట్టిండు.

హుంగా నిమ్మళంగ అన్నడు, "కాకా, ఇది చదువుడే, దిద్దుడు లేదు."

మీ నాయిన పక్క ఊరి కాంటాల కొట్టేపిస్తనని పోయిండు. ఆడ చాయ్ పోసి, పెండ్లెప్పుడని అడిగిండ్రంట. ఇంటికొచ్చి, "అక్కా, నా మాట ఒక్కటన్న తొమ్మిది ఊర్లల్ల నిలబడ్డది" అని కండ్లనీళ్లు పెట్టుకున్నడు. నాకూ ఏడుపొచ్చింది. వచ్చే నెల ముహూర్తం.

మీ అత్త,
వెంకమ్మ

తా.క. డ్రైవరు కాదని చెప్పలే. అల్లుడు తోలితే సరుకంతా భద్రాచలం దాక కిరాయి లేకుండ పోతదని మీ నాయిన ట్రాక్టరు బేరమాడి వచ్చిండు. ఈ మాట మీద మాత్రం పొద్దుమాపు ఒక్కతీరుగ ఉన్నడు. పెండ్లిలోపు పిలగానికి తోలుడు నేర్పియ్యి.