కుచ్చు పుంజును కొయ్యనివ్వలేదు

తరిగొప్పుల,
ఆదివారం.

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు సరిగ్గా ఏడాది. నిన్ను అడగకుండా ఒక పని చేశాను. కోపం వస్తే రానీ.

నీ ఫోటో ముందు వండి పెట్టడానికి నీ కొడుకు పొద్దున్నే కుచ్చు పుంజును పట్టుకున్నాడు. నువ్వు బయ్యారం నుంచి గంపలో తెచ్చిన పెట్ట సంతతిలో తల మీద నిండు కుచ్చు ఉన్న పుంజు అదొక్కటే మిగిలింది. ఆ కుచ్చు కళ్లకు అడ్డం రాదు, గద్దను అన్ని కోళ్లకంటే ముందు చూసేది ఆ పుంజే. ఈసారి పొదిగించే కోడిపిల్లలకు తండ్రిగా దాన్నే ఎంచి నోటుబుక్కులో రాసుకున్నాను.

"ఇడువు. కుచ్చు లేని బోడితలది ఉన్నది, దాన్ని కొయ్యి" అన్నాను.

"చిన్నమ్మా, అమ్మకు ఏడాదికొక్కపారి పెట్టేది. బోడిదాన్ని పెడితే నలుగురు నవ్వరా?"

"నవ్వనియ్యి. చుట్టమొచ్చినా, పండుగొచ్చినా మంచిదాన్నే కోసుకుంట వచ్చినం. రేపు నీ బిడ్డకు కుచ్చు కోడిని ఫోన్ల చూపిస్తవా?"

గొణుక్కుంటూ వదిలేశాడు. ఇన్నేళ్లూ అట్లా కోసిన వాటికి మసాలా నూరింది నేనే, తప్పులో నాకూ వాటా ఉంది. నీకు బోడితలదే వడ్డించాను. కారం మాత్రం నువ్వు తినేంత వేశాను.

ఇక జరగవలసినవి:

1. పుంజు కాలికి ఎర్రదారం కట్టాలి. ఎవరొచ్చినా దాన్ని ముట్టకూడదు.
2. కుచ్చున్న మూడు పెట్టలను దానితో వేరే గూట్లో ఉంచాలి.
3. వాటి గుడ్లన్నీ పొదగెయ్యాలి. ఒక్కటి కూడా అట్టు కాకూడదు.
4. వచ్చే ఏడాది నీకు పెట్టిన అన్నంలో కుచ్చు పిల్లలు మెతుకులు ఏరుకుంటే ఎవరూ అదిలించకూడదు.