ముందు సీటు కింది రేకు

హేమా, కొత్త రేకు తేవడానికి అనంతపురం పోతున్నాను. పదింటికి వెల్డింగ్ రామదాసన్న వస్తాడు. మన పాత అంబాసిడర్ కారు అడుగున తుప్పుపట్టిన రేకు కోసేముందే తలుపుల సందుల్లో అడ్డంగా ఇనప కడ్డీలు అతికించమను. లేకపోతే బాడీ కుంగిపోయి తలుపులు మళ్లీ పడవు.

వెనక సీటు దగ్గర మ్యాటు ఎత్తితే తుప్పులో నాలుగు గుండ్రాలు కనపడ్డాయి. అవి బిందెల అచ్చులు. వానే పడని ఊళ్లో కారుకు తుప్పేమిటి, నువ్వు పైపు పెట్టి కడగబట్టేనని ఇన్నాళ్లూ నిన్నే సాధించాను. తప్పు నాదే. కరువు ఏళ్లలో నాయన పామిడి దగ్గర పెన్న ఇసుకలో తవ్విన చెలమల నుంచి వీధిలో వాళ్లకు నీళ్లు తెచ్చింది ఈ కారులోనేనని అమ్మ ఇప్పుడు చెప్పింది. బతికున్నన్నాళ్లూ ఆయన ఆ మాటే ఎత్తలేదు.

అమ్మ ఒక్కో గుండ్రం మీద వేలు పెట్టి అది ఎవరింటిదో చెప్పింది. మనదేదని అడిగాను.

"మనది ముందు సీట్లో నా ఒళ్లో పెట్టుకుంటాంటిరా. చుక్క గూడా కింద పడనియ్యలే."

రామదాసన్నకు ఇదొకటి మరవకుండా చెప్పు. ముందు ఎడమ పక్క, అమ్మ కాళ్ల కింది రేకుకు తుప్పు లేదు. దాన్ని కోయనివ్వొద్దు.