తెర తుడవమని పెట్టిన అర్జీలు

హైదరాబాదు,
ఆదివారం.

పూజ్యురాలైన రమణక్కకు తమ్ముడు సుబ్బరాయుడు నమస్కరించి రాస్తున్నాను.

నేనిక్కడ క్షేమం. త్రిపురాంతకంలో నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ రోజూ వాన. మెస్సులో కూరలు తియ్యగా ఉంటున్నాయి. ఎవరైనా వస్తే కాస్త కారం పంపు.

నిన్న జరిగినదానికి నా గుండె ఇంకా స్థిమితపడలేదు. ఉద్యోగం ఉంది, భయపడవద్దు.

మాది ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసిచ్చే చిన్న ఆఫీసు. మేము రాసే ఎడిటరు అడుగున టెర్మినల్ అనే నల్లని గడి ఉంటుంది; కంప్యూటరుకు ఆజ్ఞలు అందులో ఇస్తాం. కంట్రోల్‌తో పాటు ఎస్కేప్ కింది మీట నొక్కితే అది తెరుచుకుంటుంది. రాత్రిబడిలో చదివి పట్టా తీసుకున్న నాకు, మౌస్ ముట్టకుండా పనిచేయడం మూడు నెలల్లోనే పట్టుబడింది.

నిన్న పంపవలసిన ప్రోగ్రామును అందులో పరీక్షించాను. సవ్యంగా వచ్చింది. మార్కాపురం పలకల కార్ఖానాలో ఇరవై ఏళ్లు పనిచేసిన చెయ్యి కదా, తడిగుడ్డతో తుడవకుండా పలకను పక్కవారికి అందించదు. కంట్రోల్, ఎల్ నొక్కి తెరంతా తుడిచి, మా పనికి పెద్ద అయిన గిద్దలూరు అమ్మాయి శ్రావణికి అప్పగించాను.

"ఏంది చిన్నాయనా, పరీక్ష పెట్టనేలేదే?"

"పెట్టినాను తల్లీ. బాగా వచ్చింది. తుడిచినాను."

"తుడిచినావా! సారుకు చూపియ్యాల గదా! ఇదేమన్నా పలకనా?"

యజమాని వెనుకనే నిలబడి ఉన్నారు. "చేయని పరీక్ష చేశానని చెప్పేవాళ్లు నాకు వద్దు" అన్నారు. నలభై ఎనిమిదేళ్లలో నన్ను అబద్ధాలకోరు అన్నవారు లేరు.

శ్రావణి పైబాణం మీట నొక్కింది. అక్కా, తుడిచిన చోట నేను కొట్టిన మాట మళ్లీ లేచింది! ఇచ్చిన ఆజ్ఞలన్నీ లోపల దాచుకుంటుందట. నాకొచ్చిన చిక్కేమిటంటే, తుడిచే మీటలు వెంటనే గుర్తురాక, ముందు నేను ఆ గడిలోనే ఇంగ్లీషులో అర్జీలు పెట్టుకున్నాను.

"'రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ క్లీన్ ద స్క్రీన్' అంట! ఎవర్ని అడిగినావు చిన్నాయనా, కంప్యూటర్నా?" అంది శ్రావణి. ఆఫీసంతా నవ్వింది. "ఇంకా ఉండాయి. ఆపేదా?"

నా పరీక్ష ఆజ్ఞ ఆ అర్జీల వెనుకనే ఉంది.

"ఆపొద్దు తల్లీ. అది కనపడేదాకా నొక్కు" అన్నాను.

నాలుగు అర్జీలనూ అందరూ పైకి చదివారు. ఐదోసారి పరీక్ష ఆజ్ఞ వచ్చింది. యజమాని దాన్ని తిరిగి నడిపించి చూశారు; సవ్యంగానే వచ్చింది.

"నిజమే చెప్పాడు. పంపించండి" అన్నారు.

పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. అర్జీల సంగతి బావకు నువ్వే చెప్పు, నవ్వితే నవ్వనీ. నేను అబద్ధమాడలేదని మాత్రం రెండుసార్లు చెప్పు.

నీ ఆశీస్సులు కోరే తమ్ముడు,
సుబ్బరాయుడు