మిషన్లో పడుకునే ముందు

డాక్టరమ్మ గారికి, ఫిషింగ్ హార్బర్ నుంచి సాయిదుర్గ తల్లి దండం పెట్టి రాస్తన్నాను.

పిల్లకి ఫిట్స్ ఎందుకొస్తన్నాయో తేలడానికి నా తలకీ స్కాన్ తియ్యాలన్నారు. తప్పకుండా వస్తాను. మా పెద్దోడు బాబీ ఆ ఫిట్స్ వచ్చే కదా బోటు మీంచి సముద్రంలో పడిపోయాడు. దీన్నయినా దక్కించుకోవాలి.

మిషన్లో తల కదపకుండా, పనిగట్టుకుని ఏదీ ఆలోచించకుండా ఊరికే పడుకోవాలన్నారు. అప్పుడు బుర్ర తనంతట తాను ఏటి చేస్తాదో చూస్తామన్నారు. అందుకని రోజూ ఇంట్లో చాప మీద నేర్చుకుంటన్నాను. "ఏటే, ఎండుసేపలాగ అలా పడున్నావు?" అని మా ఆయన నవ్వించబోయాడు. నాను కదల్లేదు. కన్నీళ్ళు చెవుల్లోకి కారినా కదల్లేదు.

నిన్న మాత్రం కాసేపు బాబీ గుర్తుకే రాలేదమ్మా. ఫ్యాను చప్పుడొక్కటే వినిపించింది. ఆ సంగతి తెలిసేసరికి లేచి కూర్చుని వాడ్ని పేరు పెట్టి గట్టిగా పిలిచాను.

అందుకే అడుగుతన్నాను. మిషన్లో వాడు గుర్తొస్తే బొమ్మ పాడైపోతాదా? పిల్ల వైద్యానికి అడ్డమంటే ముందే చెప్పండి. ఆ కాసేపూ వాడ్ని బయట వాళ్ళ నాన్న పక్కన కూకోమంటాను.