కుట్టు మిషను వానైన పూట

చిట్టితల్లీ,

పాలు కాచి మూత పెట్టాను, తాగు. డాక్టరమ్మ తెల్ల కోటు కోసం వస్తే రేపిస్తామని చెప్పు. ఎందుకని అడిగితే నీళ్లు నమలకు, అమ్మ రెండూ ఎడమ చేతులే కుట్టేసిందని చెప్పెయ్. అదే రకం గుడ్డ తేవడానికే వెళ్తున్నాను.

తప్పు నీ ట్యాబ్‌దే. దాన్ని మిషను బల్ల మీద వదిలేసి పోయావు. మైకులో పడ్డ చప్పుడు మార్మోగించే ఎకో యాప్‌కి, అక్కణ్ణించి రికార్డింగు యాప్‌కి వెళ్లేలా నువ్వు తెర మీద గీసిన గీతలు అలాగే ఉన్నాయి, రికార్డింగూ నడుస్తూనే ఉంది. గంటల తరబడి ఏం వింటావో చూద్దామని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మిషను తొక్కాను. ఒట్టు, చెవుల్లో వాన మొదలైంది. మెల్లగా తొక్కితే తుంపర, గట్టిగా తొక్కితే రేకుల మీద జోరువాన. కత్తెర బల్ల మీద పెడితే ఎక్కడో దూరంగా గంట మోగింది. ఇరవై ఏళ్లుగా వింటున్న చప్పుడే, అయినా మన గది పడవై మెల్లగా కదిలిపోతున్నట్టు అనిపించింది. ఇక కుడి చెయ్యో ఎడమ చెయ్యో చూసుకునే ధ్యాస ఎక్కడిది?

గీతలు ఒక్కటీ కదపలేదు. సెలవుల్లో నువ్విక కాజాలు కుట్టడానికి కూర్చోనక్కర్లేదు. "ఈ టింగుటింగులు కూడు పెడతాయా?" అని నిన్న అరిచాను కదా, అది మనసులో పెట్టుకోకు.

అమ్మ

అన్నట్టు, ఆ రికార్డింగు చివర్లో ఎవరో కూనిరాగం తీస్తుంటారు. పాడైందనుకుని తీసెయ్యకు. అది నేనే.