కర్నూలు బేకరీ పేరు మీద నా కేకు

ఆదోని, మే 1981, శనివారం

"ఊరికే నోరు జారినానమ్మా" అన్నావు సుగుణా. కాదు. నోరు జారినవాళ్ళు ముందురోజే బేకరీ అట్టపెట్టె తెచ్చి దాచుకోరు.

నీ కూతురు రూతు ప్రధానానికని ఈ ఎండల్లో, గిన్నెలో ఇసుక పోసి, మూత మీద నిప్పులు పెట్టి, పూటంతా పొయ్యి దగ్గర కూర్చుని ఆ కేకు చేశాను. ఈ రోజు పెండ్లికొడుకు తల్లి రెండో ముక్క తింటూ, "ఇండ్లల్లో చేస్తే ఇట్లా రాదు వదినా, యాడ తెప్పిచ్చినారు?" అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. నువ్వు నా వైపు చూడకుండా, "కర్నూలుకు మనిషిని పంపిచ్చినాము వదినా" అన్నావు.

"అయితే పెండ్లికీ ఆన్నుంచే తెప్పీండి" అని ఆవిడ హుకుం.

ముప్పై ఏళ్ళు బడిలో అబద్ధమాడరాదని పాఠం చెప్పినదాన్ని, నోట్లో కేకు ఉందన్న సాకుతో ఊరుకున్నాను.

వాళ్ళు ఎమ్మిగనూరు బస్సెక్కగానే, "పెండ్లికి ఇంకా పెద్దది చెయ్యమ్మా, ఎవురికీ సెప్పొద్దు" అన్నావు. తల్లి చేసిందని చెప్పుకోవడానికి నామోషీ, చేయించుకోవడానికి మాత్రం లేదు. నిజం చెబితే రూతుకు అబద్ధాలాడే ఇంటి పిల్లన్న పేరొస్తుందేమో. చెప్పకపోతే మనవరాలి పెళ్ళిలో నేను ఎవరిని? ఊరూ పేరూ లేని బేకరీవాణ్ణి...

రేపు చర్చిలో ఎమ్మిగనూరు వెళ్ళేవాళ్ళెవరైనా కనబడితే పెండ్లికొడుకు తల్లికి ఈ చీటీ అందించాలి: "శుక్రవారం పొద్దున మా ఇంటికి రండి. మీ కోడలికి కేకు చెయ్యడం నేర్పుతున్నాను."