ఏడో ఇల్లు: మార్పు లేదు

జనవరి 29, బుధవారం. అమావాస్య

పెడనలో అమావాస్య నాడు మగ్గం ముట్టుకోరు. అందుకే ఇంటింటా ఎవరేం పని చేస్తున్నారో రాసుకునే సర్వేకి ఈ రోజు పెట్టుకున్నాను. మామూలు రోజుల్లో వెళ్తే మగ్గం చప్పుడు మీద అరవాలి, వాళ్లు తల ఎత్తరు. ఇవాళ అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి మరీ జవాబులు చెప్పారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఏడో ఇంటి దగ్గర ఆ మురిపెం తీరిపోయింది. తాళం. పక్క వాటాలో ఇంటాయన తల్లి లక్ష్మమ్మగారు ఉంది. సముద్రస్నానానికి మంగినపూడి వెళ్లారమ్మా, పొద్దుగూకితే గానీ రారు అంది. అప్పటికే రెండు ఇళ్లు తాళాల కింద రాశాను. మూడోది కూడా అంటే మల్లికార్జునరావు గారు ఊరుకోరు. పొద్దున్నే ఫోన్ చేసి, కవరేజ్ తగ్గినవాళ్ల కాంట్రాక్ట్ సంగతి ఏప్రిల్‌లో చూస్తామమ్మా అన్నారు. ఆయన సూపర్‌వైజర్. బెదిరించినా మర్యాదగానే బెదిరిస్తారు.

అప్‌లోడ్‌కి ఇవాళే ఆఖరు. లక్ష్మమ్మగారినే అడిగాను. మా సత్తిబాబు నేస్తాడు, కోడలు రాధాకుమారి ఇంట్లో ఖాళీయే అంది. సందు చివర నిలబడి ట్యాబ్‌లో కొట్టేశాను. జవాబు చెప్పింది ఎవరు అన్న చోట ఇంటి యజమాని అని టిక్ పెట్టాను.

జనవరి 30

ఎవరికీ నష్టం లేదు కదా.

ఫిబ్రవరి 20, గురువారం

ఒకే ఇంటికి నెలకోసారి, వరసగా నాలుగు నెలలు వెళ్లాలి. ఎవరి పని పోయింది, ఎవరికి దొరికింది అన్నది అలాగే తెలుస్తుందట. ఈసారి మామూలు రోజే వెళ్లాను.

ఏడో ఇంటి తలుపు తీసే ఉంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నది రాధాకుమారి. సత్తిబాబు మంచం మీద ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఎవరో పెట్టి మరిచిపోయినట్టు పడి ఉంది. దసరాలో పక్షవాతం వచ్చిందట. ఇసకలో పూడిస్తే చెయ్యి లేస్తుందని ఎవరో చెబితే, ఆ అమావాస్యకి సముద్రం దగ్గరికి తీసుకెళ్లారట. నాలుగు నెలలుగా మగ్గం ఆవిడదే. కొడుకు నెయ్యలేడని పరాయివాళ్ల ముందు చెప్పడానికి లక్ష్మమ్మగారికి నోరు రాలేదు, అంతే.

ట్యాబ్ తెరిచాను. నేను కొట్టినవే ఎదురుగా ఉన్నాయి. భర్త: నేత. భార్య: ఇంటిపని. రెండూ మారిస్తే ఎర్రగీత వస్తుంది, ఎప్పటినుంచి అని అడుగుతుంది. దసరా అని కొడితే జనవరిలో ఏం రాశావంటుంది.

రాధాకుమారి నూలు ముడేస్తూ, రాసుకున్నావా అమ్మాయ్, ఆయన్ని కాదు, నన్ను రాయాలి ఇప్పుడు అని నవ్వింది.

రాశానండీ అన్నాను.

‘మార్పు లేదు’ నొక్కాను.

ఫిబ్రవరి 21

ఈ ఉద్యోగానికి ముందు రెండేళ్లు అన్నయ్య ఇంట్లో ఉన్నాను. ఇప్పుడూ అక్కడే. ఆ రెండేళ్లూ వంట నాది, బట్టలుతకడం నాది, పిల్లల హోంవర్క్ నాది. ఎవరైనా వస్తే వదిన, మా తనూజ అండీ, ఖాళీగానే ఉంటుంది అని పరిచయం చేసేది. చెడ్డది కాదు. ఆవిడకి అలాగే అనిపించేది. మళ్లీ ఆ మాట వినడం నా వల్ల కాదు.

మార్చి 12, బుధవారం

గుడివాడలో ట్రైనింగ్. హైదరాబాద్ నుంచి పూర్ణిమ గారని ఆఫీసర్ వచ్చారు. ఆడవాళ్ల పని లెక్కల్లోకి రావడం లేదు, ఖాళీ అంటే నమ్మకండి, చేతులు చూడండి అని రెండు గంటలు చెప్పారు. చక్కగా చెప్పారు. నోట్సు కూడా రాసుకున్నాను, సిగ్గు లేకుండా.

మల్లికార్జునరావు గారు నన్ను లేపి నిలబెట్టి, మా బ్యాచ్‌లో ఒక్క ఎర్రగీత కూడా లేని డేటా ఈ అమ్మాయిదేనండీ అన్నారు. చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో ఆ నోట్సు సంచి అడుక్కి తోసేశాను.

మార్చి 19

మార్పు లేదు.

ఏప్రిల్ 22

తనిఖీకి పడింది. ఏడో ఇల్లే. మొదటి విజిట్ ఆరు నిమిషాల్లో ఎలా అయిందని మెషీన్‌కి అనుమానం వచ్చిందట. పూర్ణిమ గారు స్వయంగా వస్తారు. అమావాస్య అయితే అందరూ దొరుకుతారండీ అని నేనే చెప్పాను. ఆదివారమైనా పర్లేదన్నారు. మగ్గం ఆగి ఉంటే నేసేదెవరో ఆవిడ కంట పడదు కదా అనుకున్నాను. నా బుర్ర ఇలాంటివాటికి బాగా పనిచేస్తుంది.

ఏప్రిల్ 25, శుక్రవారం

పెడన వెళ్లి రాధాకుమారికి అంతా చెప్పేశాను, ఆదివారం కూడా నేను రాసినట్టే చెప్పమన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అత్తగారి వాటా వైపు ఓసారి చూసింది. నువ్వు ఉద్యోగంలో ఉండాలి, నేను కాగితంలో ఉండకూడదు, అంతేగా అంది. కాళ్లు పట్టుకోబోతే పోగులు తెగుతాయి, లేచి నిలబడు అని కసిరింది.

ఏప్రిల్ 27, ఆదివారం. అమావాస్య

సత్తిబాబుకి ఇస్త్రీ చొక్కా తొడిగి మగ్గం పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. కుడిచేతి మీద తువ్వాలు కప్పారు. ఎన్నాళ్లుగా నేస్తున్నారని పూర్ణిమ గారు అడిగితే, ఊహ తెలిసినప్పటినుంచండి అన్నాడు. అది నిజమే. ఆ మాట చెబుతూ ఎడంచేత్తో తువ్వాలు సర్దుకున్నాడు. లక్ష్మమ్మగారు గుమ్మంలోంచి లేచి వెళ్లిపోయింది.

మీరేం చేస్తారమ్మా అని రాధాకుమారిని అడిగారు.

ఏముందండి, ఇంట్లో ఖాళీయే అంది. చేతులు రెండూ పమిట కింద ఉన్నాయి.

చేతులు చూడమన్న పూర్ణిమ గారు ట్యాబ్ చూస్తున్నారు. అన్నీ సరిపోయాయన్నారు. జీపులో నా భుజం తట్టారు కూడా.

నేను వెనక సీట్లో ఏడ్చాను. ఎండకి కళ్లు మండుతున్నాయన్నాను.

ఏప్రిల్ 28

కాంట్రాక్ట్ ఇంకో ఏడాదికి వచ్చినట్టేనని ఫోన్. వదిన పాయసం చేసింది. ఎదురింటావిడతో, మా తనూజ గవర్నమెంటు లెక్కలు చూస్తుందండీ అని చెబుతోంది. పాయసం గిన్నె పక్కన పెట్టేశాను.

ఏప్రిల్ 30, బుధవారం. సాయంత్రం 4.40

ఐదింటికి ట్యాబ్‌లో ఏడో ఇల్లు లాక్ అవుతుంది. ఆ తర్వాత ఎవరూ మార్చలేరు.

తెరిచాను. రాధాకుమారి: నేత, దసరా నుంచి. ఎర్రగీత వచ్చింది. కారణం రాయమంది.

జనవరి 29న ఆ తలుపుకి తాళం ఉంది, ఇంట్లోవాళ్లెవరూ జవాబు చెప్పలేదు, అన్నీ నేనే కొట్టాను అని రాశాను. కింద నా పేరు పెట్టి పంపేశాను.

వంటింట్లోంచి వదిన, ఖాళీయేనా తనూజా అని కేకేసింది.

పనిలో ఉన్నానన్నాను.